విమ్‌లో రికార్డు చేసిన మాక్రోలను వేగంగా నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాక్రో అంటే రికార్డు చేసుకుని మళ్లీ మళ్లీ నడపగల మీటల వరుస. పది వరుసల మీద కనురెప్పపాటులో పూర్తయ్యే మాక్రో, లక్ష వరుసల మీద నడిపినప్పుడు నిమిషాల తరబడి తెరను పట్టుకుని కూర్చోవడం విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ వాడేవారిలో చాలామందికి అనుభవమే. దాని కారణాలను, నివారణలను ఈ పుటలో ప్రశ్నలుగా, జవాబులుగా ఇస్తున్నాం. చర్చ ప్రధానంగా విమ్, దానినుంచి పుట్టిన నియోవిమ్‌ల గురించి సాగుతుంది. ఈమాక్స్ గురించి, మరికొన్ని ఎడిటర్ల గురించి చివరి భాగంలో చెప్పాం. ఆదేశాలను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో రాశాం. వాటిని కీబోర్డు మీద ఇంగ్లిషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి. పెద్ద అక్షరం అవసరమైన చోట ఆ మాట విడిగా చెప్పాం.

రికార్డు చేసేటప్పుడు నేను నెమ్మదిగా టైపు చేశాను. మాక్రో అదే వేగంతో నడుస్తుందా?

నడవదు. ‘క్యూ ఏ’ అని నొక్కి రికార్డు చేసినప్పుడు విమ్ దాచుకునేది మీరు నొక్కిన మీటల వరుసను మాత్రమే. మీట మీటకూ మధ్య ఎంతసేపు ఆగారన్నది ఎక్కడా నమోదు కాదు. ఆ వరుస ‘ఏ’ అనే రిజిస్టరులో, అంటే విమ్ పాఠ్యాన్ని దాచుకునే చోట, మామూలు పాఠ్యంగా ఉంటుంది. ‘:రెజ్ ఏ’ అని అడిగితే కనిపిస్తుంది, ఫైలులో అతికించి దిద్దవచ్చు, మళ్లీ అదే రిజిస్టరులోకి కాపీ చేసుకోవచ్చు. తప్పు టైపు చేసి బ్యాక్‌స్పేస్ నొక్కి సరిదిద్దినవి కూడా ఆ వరుసలో అలాగే ఉండిపోతాయి కాబట్టి, వేల సార్లు నడపబోయే మాక్రోను ఒకసారి తెరిచి అనవసరమైన మీటలను తీసేయడం మంచి అలవాటు. అయితే ఆ శుభ్రతవల్ల కలిసివచ్చే సమయం కొద్దిగానే ఉంటుంది.

మరి సమయం ఎక్కడ పోతోంది?

దాదాపు ఎప్పుడూ మీట మీటకూ మధ్యనే పోతుంది. మాక్రోలోని ఒక్కొక్క ఆదేశాన్ని అమలు చేయడానికి విమ్‌కు పట్టే సమయం చాలా తక్కువ. కానీ ప్రతి ఆదేశం తరువాతా అది తెరను తిరిగి గీయవచ్చు, సింటాక్స్ రంగులను లెక్కించవచ్చు, మడతలను (ముడిచి చూపే వరుసల గుంపులను) సరిచూడవచ్చు, బ్రాకెట్ల జతను వెతకవచ్చు, తొలగించిన పాఠ్యాన్ని సిస్టమ్ క్లిప్‌బోర్డుకు పంపవచ్చు, ప్లగిన్‌లు (విమ్‌కు అదనంగా చేర్చుకునే ప్రోగ్రాములు) కోరిన ఆటోకమాండ్లను, అంటే ఏదైనా జరగగానే తమంతట తామే నడిచే ఆదేశాలను, నడపవచ్చు. చేతితో టైపు చేస్తున్నప్పుడు ఈ పనుల బరువు తెలియదు, ఎందుకంటే మనిషి వేళ్ల మధ్య ఉండే విరామంలో అవన్నీ సులువుగా ఇమిడిపోతాయి. మాక్రోకు అటువంటి విరామం లేదు. ముప్పై మీటల మాక్రోను పది వేల వరుసలపై నడిపితే మూడు లక్షల మీటలవుతాయి. ఒక్కొక్క మీట వెనుక ఒక్క మిల్లీసెకను అదనపు పని ఉన్నా మొత్తం ఐదు నిమిషాలు.

అందువల్ల ఎడిటర్ చేసే అదనపు పనులను మాక్రో నడిచేంతసేపు ఆపడం మొదటి మెట్టు. మాక్రో కట్టిన తీరును మార్చడం రెండవది. అసలు మాక్రోయే అవసరం లేని పనిని గుర్తించడం మూడవది. చాలామంది మొదటి మెట్టులోనే ఒకటి రెండు అమరికలు మార్చి ఆగిపోతారు. పెద్ద లాభం తరచుగా రెండవ, మూడవ మెట్లలో దొరుకుతుంది.

నా విషయంలో ఏది కారణమో ఎలా తెలుసుకోవాలి?

అసలు ఫైలు మీద ప్రయోగాలు చేయకండి. అందులోంచి ఒకటి రెండు వేల వరుసలు వేరే ఫైలులోకి తీసుకుని, మాక్రో ఎంతసేపు నడుస్తుందో గడియారంతో చూడండి. తరువాత అదే ఫైలును ‘విమ్ --క్లీన్’ అనే పిలుపుతో తెరవండి. అప్పుడు మీ సొంత అమరికలు గానీ, ప్లగిన్‌లు గానీ లోడు కావు. అక్కడ మాక్రో వెంటనే పూర్తయితే దోషం మీ అమరికల్లో ఉన్నట్టు. అక్కడ కూడా నెమ్మదిగానే నడిస్తే మాక్రో నిర్మాణంలోనో, ఫైలు స్వభావంలోనో ఉన్నట్టు. ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తప్పుతుంది.

అమరికల్లోనే ఉందని తేలితే మరింత లోతుగా చూడడానికి విమ్‌లోనే సాధనాలున్నాయి. ‘:ప్రొఫైల్ స్టార్ట్’ తరువాత నివేదిక ఫైలు పేరు ఇచ్చి, ‘:ప్రొఫైల్ ఫంక్ *’, ‘:ప్రొఫైల్ ఫైల్ *’ అని చెప్పి మాక్రోను నడిపితే, ఏ ప్లగిన్‌లోని ఏ ఫంక్షన్ ఎన్నిసార్లు నడిచిందో, ఎంత సమయం తిన్నదో ఆ నివేదికలో వస్తుంది. సింటాక్స్ రంగుల మీద అనుమానం ఉంటే ‘:సిన్‌టైమ్ ఆన్’ అని మొదలుపెట్టి, పని ముగిశాక ‘:సిన్‌టైమ్ రిపోర్ట్’ అడగండి. ఈ సౌకర్యాలు విమ్ చిన్న నిర్మాణాల్లో ఉండవు. అలాంటప్పుడు ప్లగిన్‌లను సగం సగంగా తీసివేస్తూ చూడడమే దారి.

‘లేజీరీడ్రా’ పెట్టుకుంటే సరిపోతుందని చాలాచోట్ల చదివాను. నిజమేనా?

కొంతవరకు నిజం. ‘:సెట్ లేజీరీడ్రా’ అని చెబితే, మాక్రోలు, రిజిస్టర్లు వంటి చేత్తో టైపు చేయని ఆదేశాలు నడుస్తున్నంతసేపు విమ్ తెరను తిరిగి గీయదు. విమ్‌లో ఇది మొదట ఆపివేసి ఉంటుంది. దూరపు సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా పనిచేసేవారికి, ఉదాహరణకు హైదరాబాదులో కూర్చుని అమెరికాలోని యంత్రం మీద ఫైళ్లు దిద్దేవారికి, దీనివల్ల తేడా స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే తెర మీది ప్రతి మార్పూ నెట్‌వర్కు గుండా ప్రయాణం చేయాల్సి వస్తుంది. ఎదురుగా ఉన్న యంత్రంలోని వేగవంతమైన టెర్మినల్‌లో ఆ తేడా అంతగా తెలియకపోవచ్చు. క్లిప్‌బోర్డు, ఆటోకమాండ్లు, మడతలు కారణమైన చోట ఈ అమరిక ఏమీ చేయలేదు.

దీన్ని శాశ్వతంగా పెట్టుకోవడంకన్నా పెద్ద మాక్రోకు ముందు పెట్టి, తరువాత ‘:సెట్ నోలేజీరీడ్రా’ అని తీసేయడమే మేలని మా అభిప్రాయం. కొన్ని ప్లగిన్‌లు తెర వెంటనే మారుతుందన్న నమ్మకంతో రాసి ఉంటాయి.

‘ఏ’లోని మాక్రోను నడిపే ‘@ఏ’ ముందు పెద్ద సంఖ్య పెట్టి నడపడం మంచిదా, ‘:నార్మల్’ మంచిదా?

ప్రతి వరుస మీదా విడివిడిగా జరగాల్సిన పని అయితే, సందేహం లేకుండా ‘:నార్మల్’. ‘:%నార్మల్ @ఏ’ అంటే ఫైలులోని ప్రతి వరుస మొదటికీ కర్సరును తీసుకువెళ్లి అక్కడ మాక్రోను ఒకసారి నడపమని అర్థం. ‘:నార్మల్’ పనిచేస్తున్నంతసేపు తెర మారదని విమ్ సహాయ పత్రమే చెబుతుంది కాబట్టి, లేజీరీడ్రా ఇచ్చే లాభం ఇందులోనే కలిసి వస్తుంది.

వేగంతో సమానంగా ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. ‘10000@ఏ’ అని నడిపినప్పుడు ఏదో ఒక వరుసలో వెతికిన అక్షరం దొరకకపోతే, మిగిలిన ఆవృత్తులన్నీ అక్కడితో రద్దవుతాయి. ‘:%నార్మల్ @ఏ’లో ఆ ఒక్క వరుసలో మాత్రమే మాక్రో ఆగి, తరువాతి వరుసలో మళ్లీ మొదటినుంచి నడుస్తుంది. మధ్యలో ఆగిన మాక్రోను వెతికి తిరిగి మొదలుపెట్టడంలో మనిషి పోగొట్టుకునే సమయాన్ని కూడా వేగం లెక్కలోనే చూడాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: సంఖ్యతో నడపడానికి రికార్డు చేసిన మాక్రో చివర సాధారణంగా కింది వరుసకు దిగే ‘జె’ ఉంటుంది. ‘:నార్మల్’కు ఆ ‘జె’ అనవసరం, తీసేయండి.

మాక్రో వరుసలను తొలగిస్తుంది లేదా కొత్త వరుసలను చేరుస్తుంది. అప్పుడు కూడా ‘:నార్మల్’ పనిచేస్తుందా?

తప్పు వరుసల మీద పనిచేస్తుంది. ‘:నార్మల్’ వరుస సంఖ్యలను ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ పోతుంది. మొదటి వరుసలో మాక్రో ఒక కొత్త వరుసను చేరిస్తే, రెండవసారి ఆ కొత్త వరుస మీదే నడుస్తుంది. ఇటువంటి పనికి ‘:గ్లోబల్’ సరైనది. అది ముందుగా ఫైలంతా చూసి నమూనాకు సరిపోయే వరుసలన్నిటికీ గుర్తు పెట్టుకుని, ఆ తరువాతే ఒక్కొక్క గుర్తు దగ్గరకూ వెళ్లి ఆదేశాన్ని నడుపుతుంది; మధ్యలో వరుసలు పెరిగినా తగ్గినా గుర్తులు వాటి వరుసలతోపాటే కదులుతాయి.

వేగానికి కూడా ఇదే మంచి మార్గం. లక్ష వరుసల్లో రెండు వేలు మాత్రమే మార్చాల్సినవైతే, ‘:జి’ (‘:గ్లోబల్’కు పొట్టిరూపం) తరువాత ఏటవాలు గీతల (/) మధ్య నమూనా రాసి ‘నార్మల్ @ఏ’ అంటే మాక్రో రెండు వేలసార్లే నడుస్తుంది. ‘:%నార్మల్’ లక్షసార్లు నడిపి, తొంభై ఎనిమిది వేలసార్లు విఫలమవుతుంది.

క్లిప్‌బోర్డుకూ మాక్రో వేగానికీ సంబంధం ఏమిటి?

చాలామంది ఊహించని కారణం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం. ‘క్లిప్‌బోర్డ్’ అమరికకు ‘అన్‌నేమ్డ్’ గానీ ‘అన్‌నేమ్డ్‌ప్లస్’ గానీ ఇచ్చి ఉంటే, మీరు కాపీ చేసిన పాఠ్యమే కాక, తొలగించిన ప్రతి అక్షరమూ, ప్రతి వరుసా సిస్టమ్ క్లిప్‌బోర్డుకు వెళుతుంది. ఇతర ప్రోగ్రాములకు పాఠ్యం అతికించడానికి ఇది సౌకర్యంగా ఉంటుంది గనుక ఎంతోమంది దీన్ని శాశ్వతంగా పెట్టుకుంటారు. మాక్రోలో ‘ఎక్స్’, ‘డిడబ్ల్యూ’, ‘డిడి’, ‘సిడబ్ల్యూ’ వంటి, పాఠ్యాన్ని తొలగించే ఆదేశాలు నాలుగు ఉంటే, పది వేల ఆవృత్తులకు నలభై వేలసార్లు విమ్ తన గడప దాటి బయటి విండో వ్యవస్థతో మాట్లాడాల్సి వస్తుంది.

నియోవిమ్‌లో పరిస్థితి ఇంకా బరువైనది. అది క్లిప్‌బోర్డును స్వయంగా ముట్టుకోదు. లైనక్స్‌లో ఎక్స్‌క్లిప్, మ్యాక్‌లో పీబీకాపీ వంటి బయటి ప్రోగ్రాములకు ఆ పని అప్పగిస్తుంది. ఒక్క అక్షరం తొలగించినందుకు ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక కొత్త ప్రాసెస్ పుట్టడం ఎంత ఖరీదైన వ్యవహారమో చెప్పనక్కర్లేదు.

నివారణ సులభం. మాక్రో నడిపే ముందు ‘:సెట్ క్లిప్‌బోర్డ్=’ అని విలువను ఖాళీ చేసి, పని ముగిశాక పాత విలువను తిరిగి ఇవ్వండి. లేదా తొలగించిన పాఠ్యం మళ్లీ అవసరం లేని చోట, తొలగింపు ఆదేశానికి ముందు జంట ఉల్లేఖన గుర్తు, దాని వెంట అండర్‌స్కోర్ (_) నొక్కండి. దీన్ని బ్లాక్‌హోల్ రిజిస్టర్ అంటారు. అందులో పడిన పాఠ్యం ఎక్కడా నిలవదు, క్లిప్‌బోర్డుకూ వెళ్లదు. ‘డిడి’ చేసిన ప్రతిసారీ ఒకటి నుంచి తొమ్మిది వరకు ఉన్న రిజిస్టర్లను జరిపే పని కూడా దీనితో తప్పుతుంది. ఎక్కువసార్లు నడపబోయే మాక్రోను మొదటినుంచే ఈ పద్ధతిలో రికార్డు చేయడం మంచిది.

రంగులు, మడతలు, బ్రాకెట్ల జత చూపడం: వీటిలో దేన్ని ఆపాలి?

మడతలను ముందు ఆపండి. ‘ఫోల్డ్‌మెథడ్’ విలువ ‘సింటాక్స్’ లేదా ‘ఎక్స్‌ప్రెషన్’ రకంగా ఉంటే పాఠ్యం మారినప్పుడల్లా మడతలను మళ్లీ లెక్కించాల్సి వస్తుంది, పెద్ద ఫైలులో ఆ లెక్క ఎంతో భారమవుతుంది. ‘:సెట్ ఫోల్డ్‌మెథడ్=మాన్యువల్’ అంటే ఆ లెక్క ఆగుతుంది, ఉన్న మడతలు అలాగే ఉంటాయి. తరువాత ‘:సింటాక్స్ ఆఫ్’, ‘:నోమ్యాచ్‌పేరెన్’. ఈ రెండవదానిలో ఎన్, ఎమ్, పి అక్షరాలు పెద్దవి. కర్సరు ఉన్న వరుసను, నిలువు గడిని వెలిగించి చూపే అమరికలు, సాపేక్ష వరుస సంఖ్యలు కర్సరు కదిలినప్పుడల్లా తెర గీతను పెంచుతాయి; ‘:నార్మల్’ వాడుతుంటే వీటి గురించి పట్టించుకోనక్కర్లేదు. ఒక్కొక్క వరుస వేల అక్షరాల పొడవున్న ఫైళ్లలో, అంటే వరుస విరుపులు లేని జేసన్ వంటి వాటిలో, రంగుల లెక్కే ప్రధాన నేరస్థుడు కావచ్చు.

నియోవిమ్‌లో కోడ్‌ను విశ్లేషించే ట్రీసిట్టర్, భాషా సర్వర్లు వాడేవారు ప్రతి మార్పుకూ అవి కూడా స్పందిస్తాయని గుర్తుంచుకోవాలి. పెద్ద మాక్రో నడిపేంతసేపు ఆ బఫర్ (తెరిచిన ఫైలు) నుంచి వాటిని విడదీయడం మంచిది.

ప్లగిన్‌లన్నిటినీ తీసేయకుండా, ఈ ఒక్క పనికి మాత్రం వాటిని మౌనంగా ఉంచగలమా?

‘:నోఆటోకమ్యాండ్’ అనే ఉపసర్గ అందుకే ఉంది. పొట్టిరూపంలో ‘:నోఆ’. ‘:నోఆ %నార్మల్ @ఏ’ అని ఇస్తే ఆ ఒక్క ఆదేశం పూర్తయ్యేవరకు ఏ ఆటోకమాండూ నడవదు. పూర్తయ్యాక అన్నీ యథాస్థితికి వస్తాయి. ఇన్సర్ట్ మోడ్‌లోకి (పాఠ్యం టైపు చేసే స్థితిలోకి) వెళ్లినప్పుడు, బయటికి వచ్చినప్పుడు, విండో మారినప్పుడు మేలుకునే ప్లగిన్‌లు ఎక్కువగా ఉన్నవారికి ఈ ఒక్క పదమే అన్ని అమరికలకన్నా ఎక్కువ లాభం ఇవ్వవచ్చు. మీటలకు అంటగట్టిన మ్యాపింగ్‌లు మాత్రం దీనితో ఆగవు. ఉదాహరణకు బ్రాకెట్ తెరిస్తే మూసే బ్రాకెట్‌ను తానే చేర్చే ప్లగిన్ మాక్రోలో కూడా పనిచేస్తూనే ఉంటుంది, కాబట్టి దాన్ని విడిగా ఆపాలి.

అన్నీ ఆపాను, ‘--క్లీన్’తో కూడా చూశాను. ఇప్పటికీ నెమ్మదే. ఇంకేం చేయాలి?

ఇప్పుడు మాక్రోను చదవండి. మొదట చూడాల్సినది, అది ప్రతిసారీ ఫైలు మొదటికి వెళ్లి వెతుకుతోందా అన్నది. ‘జిజి’తో పైకి వెళ్లి, అక్కడినుంచి తరువాతి చోటును వెతికే మాక్రో మొదటి ఆవృత్తిలో ఒక వరుస చూస్తే, వెయ్యవ ఆవృత్తిలో వెయ్యి వరుసలు చూడాలి. పది వేల వరుసల ఫైలులో ఇలా చూసే వరుసల మొత్తం సుమారు ఐదు కోట్లకు చేరుతుంది. కర్సరు ఆగిన చోటునుంచే ముందుకు వెతికితే అదే పని పది వేల వరుసల చూపుతో ముగుస్తుంది. ఫైలు రెండింతలైతే సమయం నాలుగింతలవుతోందని మీరు గమనించినట్టయితే, కారణం ఈ కోవలోదే అయివుంటుంది.

రెండవది, రెండు విండోల మధ్య అటూ ఇటూ తిరగడం. ఒక ఫైలు నుంచి వరుసను తీసి పక్క విండోలో అతికించి వెనక్కు వచ్చే మాక్రోలను మేము ఎన్నో చూశాం. విండో మారిన ప్రతిసారీ ఆటోకమాండ్లు, తెర గీత, కర్సరు స్థానం దాచడం అన్నీ జరుగుతాయి. దానికి బదులు ఒక రిజిస్టరు పేరును పెద్ద అక్షరంతో వాడండి. పెద్ద ‘బి’ రిజిస్టరులోకి కాపీ చేస్తే పాత పాఠ్యం చెరిగిపోకుండా చివర చేరుతుంది. ముందు ‘క్యూ బి క్యూ’తో ఆ రిజిస్టరును ఖాళీ చేసుకుని, మాక్రోతో వరుసలన్నీ అందులో పోగుచేసి, చివరికి రెండవ ఫైలులో ఒక్కసారి అతికించండి. మాక్రో ఉన్న రిజిస్టరునే పోగుచేయడానికి వాడకూడదని వేరే చెప్పాలా?

మూడవది చిన్న విషయమే. మాక్రో చివరి మీట ఏదైనా మ్యాపింగ్‌కు తొలి అక్షరమైతే, మీరు ఇంకేదైనా నొక్కుతారేమోనని విమ్ ‘టైమ్‌అవుట్‌లెన్’లో చెప్పినంతసేపు, అంటే మామూలుగా 1000 మిల్లీసెకన్లు, ఎదురుచూస్తుంది. మాక్రోను ఒక్కొక్కసారిగా ‘@@’తో (కిందటి మాక్రోను మళ్లీ నడిపే ఆదేశంతో) నడిపేవారికి ఇది ప్రతిసారీ ఒక సెకను తడబాటుగా కనిపిస్తుంది.

తనను తానే పిలుచుకునే మాక్రో వేగంగా ఉంటుందా?

వేగంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఎన్నిసార్లు నడపాలో లెక్క తెలియనప్పుడు అది సౌకర్యం. ‘క్యూ ఏ క్యూ’తో రిజిస్టరును ఖాళీ చేసి, మళ్లీ రికార్డు మొదలుపెట్టి, చివర ‘@ఏ’ నొక్కి ముగిస్తే, ఏదో ఒక కదలిక విఫలమయ్యేవరకు అది నడుస్తూనే ఉంటుంది. విఫలం కావడమే దాని ముగింపు గనుక రెండు సంగతులు చూసుకోవాలి. విమ్‌లో ‘ర్యాప్‌స్కాన్’ మొదటినుంచీ పనిచేస్తూ ఉంటుంది: వెతుకులాట ఫైలు చివరికి చేరితే మళ్లీ మొదటికి వస్తుంది, మాక్రో ఎన్నటికీ ఆగదు. ముందుగా ‘:సెట్ నోర్యాప్‌స్కాన్’ అనండి. రెండవది, సందేశాలు కనిపించకుండా ‘:సైలెంట్!’ను ఇటువంటి మాక్రోకు జోడించకండి. ఆశ్చర్యార్థకం ఉన్న ఆ రూపం పొరపాటు ఎదురైనా ఆదేశాలను రద్దు కానివ్వదు, దానితో మాక్రోకు ఆగే దారి మూసుకుపోతుంది. ఆగని మాక్రోను కంట్రోల్-సి ఆపుతుంది.

మాక్రో మాని ‘:సబ్‌స్టిట్యూట్’ వాడితే ఎంత మేలు?

పని అందులో ఇమిడితే, పైన చెప్పిన అమరికలన్నీ కలిసినా ఇవ్వలేనంత మేలు. మాక్రోలోని ప్రతి మీటా విమ్ మీటల వ్యాఖ్యాత గుండా వెళ్లాలి: మ్యాపింగ్ ఉందా, ఏ మోడ్‌లో ఉన్నాం, ఆపరేటర్ పూర్తయిందా అని ప్రతిసారీ చూసుకోవాలి. ‘:%ఎస్’, అంటే ఫైలంతటా నమూనాను వెతికి మార్చే ‘:సబ్‌స్టిట్యూట్’, ఒక్కసారి నమూనాను సిద్ధం చేసుకుని, వరుసల మీదుగా నేరుగా సాగిపోతుంది. రెండు పదాలను తారుమారు చేయడం, వరుస చివర కామా చేర్చడం, తేదీని రోజు-నెల-సంవత్సరం క్రమంలోకి మార్చడం వంటివన్నీ దీనికి లొంగుతాయి. భర్తీ చేసే భాగంలో వెనుకగీత (\), సమాన గుర్తు (=) పెట్టి ఏదైనా ఎక్స్‌ప్రెషన్ రాయవచ్చు కాబట్టి సంఖ్యను పెంచడం వంటి లెక్కలు కూడా చేయించవచ్చు. వరుసలు తొలగించడానికి ‘:జి’తో ‘డి’, జరపడానికి ‘ఎమ్’, నకలు తీయడానికి ‘టి’ ఉన్నాయి.

అయినా మాక్రోను తక్కువచేసి చూడకూడదు. నమూనా రాయడానికి పావుగంట ఆలోచించాల్సిన పనిని మాక్రో అర నిమిషంలో రికార్డు చేసి, మరో అర నిమిషంలో నడిపి ముగించగలిగితే మాక్రోయే వేగవంతం. రోజూ చేసే పనికి, లక్షల వరుసల పనికి మాత్రం నమూనా మీద వెచ్చించిన సమయం తిరిగి వస్తుంది.

ఒకే మాక్రోను వందల ఫైళ్ల మీద నడపాలి. ఎలా?

ఫైళ్లను ఆర్గ్యుమెంట్ల జాబితాగా తెరిచి ‘:ఆర్గ్‌డూ’ వాడండి. అది నడుస్తున్నంతసేపు ‘సింటాక్స్’ ఆటోకమాండును విమ్ తానే పక్కన పెడుతుంది, అందువల్ల ప్రతి ఫైలుకూ రంగులు సిద్ధం చేసే సమయం మిగులుతుంది. ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటి ఉంది: ‘:నార్మల్’ తన వెనుక వచ్చిన నిలువు గీతను కూడా మీటగానే భావిస్తుంది. కాబట్టి ‘:ఆర్గ్‌డూ %నార్మల్ @ఏ | అప్‌డేట్’ అని రాస్తే ఫైళ్లు సేవ్ కావు. ‘:ఆర్గ్‌డూ ఎగ్జిక్యూట్ "%నార్మల్ @ఏ" | అప్‌డేట్’ అన్నది సరైన రూపం.

తెరే లేకుండా నడపవచ్చా?

నడపవచ్చు. టెర్మినల్‌లో విమ్‌ను ‘-ఈఎస్’, ‘-యు నన్’, పెద్ద ‘-ఎన్’ అనే స్విచ్‌లతో పిలిచి, పెద్ద ‘-ఎస్’ తరువాత ఆదేశాల ఫైలు పేరు ఇస్తే పని నిశ్శబ్దంగా జరిగిపోతుంది. ‘నన్’ను పెద్ద అక్షరాల్లో టైపు చేయాలి. ఈ పద్ధతిలో మీ పాత రిజిస్టర్ల మీద ఆధారపడకండి. అందుచేత ఆదేశాల ఫైలులోనే ‘లెట్ @ఏ’తో మాక్రోను నిర్వచించి, చివర సేవ్ చేసి బయటికి వచ్చే ఆదేశం తప్పక పెట్టండి.

అన్‌డూను ఆపితే వేగం పెరుగుతుందంటారు. ఆపవచ్చా?

‘:సెట్ అన్‌డూలెవెల్స్=-1’ అంటే అన్‌డూ పూర్తిగా ఆగుతుంది, జ్ఞాపకశక్తి వాడకం తగ్గుతుంది. కానీ తప్పు మాక్రో లక్ష వరుసలను పాడుచేశాక వెనక్కు వెళ్లే దారి ఉండదు. ఫైలు నకలు వేరేగా ఉంటే తప్ప ఈ పని చేయవద్దనే మా సలహా. దీనికి ముందు పైన చెప్పినవన్నీ ప్రయత్నించి చూడండి.

ఈమాక్స్ వాడేవారికి ఏం చెబుతారు?

ఈమాక్స్ పేరులోనే మాక్రోలు ఉన్నాయి. 1976లో ఎంఐటీలో అది టెకో అనే ఎడిటర్‌కు మాక్రోల కట్టగా పుట్టింది. నేటి గ్నూ ఈమాక్స్‌లో ఎఫ్3తో రికార్డు మొదలవుతుంది, ఎఫ్4తో ముగుస్తుంది, మళ్లీ ఎఫ్4 నొక్కితే నడుస్తుంది. కంట్రోల్-యు, 0, ఎఫ్4 అంటే పొరపాటు ఎదురయ్యేదాకా నడుపు అని అర్థం. ఎంపిక చేసిన ప్రతి వరుస మీదా నడపడానికి కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-కె, ఆర్ ఉంది.

ఈమాక్స్ సాధారణంగా మీట కోసం ఎదురుచూసేటప్పుడే తెరను గీస్తుంది గనుక, మాక్రో మధ్యలో తెర గీత పెద్ద సమస్య కాదు. సమయం తినేవి ప్రతి ఆదేశం తరువాతా నడిచే పోస్ట్-కమాండ్ హుక్‌లు, పాఠ్యం మారినప్పుడల్లా నడిచే ఫంక్షన్లు, చెత్త సేకరణ (వాడకం ముగిసిన మెమరీని ఖాళీ చేయడం), విమ్‌లో లాగే క్లిప్‌బోర్డు. బఫర్‌ను కాసేపు ప్రత్యేక సౌకర్యాలేవీ లేని ఫండమెంటల్-మోడ్‌లోకి మార్చి మాక్రో నడపడం మొదట చేయదగిన పని. చెత్త సేకరణ హద్దు అయిన జీసీ-కాన్స్-థ్రెషోల్డ్ 64-బిట్ యంత్రాల్లో మొదట 8 లక్షల బైట్లుగా ఉంటుంది. మాక్రో నడిచేంతసేపు దాన్ని కొన్ని కోట్లకు పెంచితే సేకరణ కోసం ఆగడం తగ్గుతుంది. ఇంటర్‌ప్రోగ్రామ్-కట్-ఫంక్షన్‌కు నిల్ విలువ ఇస్తే తొలగించిన పాఠ్యం క్లిప్‌బోర్డుకు వెళ్లడం ఆగుతుంది. తరచుగా వాడే మాక్రో అయితే ఈమాక్స్ సొంత భాష అయిన లిస్ప్‌లో చిన్న ఫంక్షన్‌గా తిరగరాసి, వెతుకులాటకు రీ-సెర్చ్-ఫార్వర్డ్, మార్పుకు రీప్లేస్-మ్యాచ్ వాడండి. అప్పుడు పోస్ట్-కమాండ్ హుక్‌లు ప్రతి అడుగులోనూ కాక, చివర ఒక్కసారే నడుస్తాయి.

నోట్‌ప్యాడ్++, వీఎస్ కోడ్ సంగతి?

నోట్‌ప్యాడ్++లో మాక్రో మెనూ నుంచి ఒకే మాక్రోను ఎన్నోసార్లు లేదా ఫైలు చివరివరకు నడిపే సౌకర్యం ఉంది. పెద్ద ఫైలు అయితే ముందు వర్డ్ ర్యాప్ తీసేసి, భాషను మామూలు పాఠ్యంగా మార్చుకోండి. వీఎస్ కోడ్‌లో మాక్రో రికార్డింగ్ స్వతహాగా లేదు; ఎక్స్‌టెన్షన్లు ఉన్నా, అక్కడ బహుళ కర్సర్లతో పని చేయించడమే సహజమైన పద్ధతి.

తెలుగు పాఠ్యం మీద మాక్రోలు నడిపేటప్పుడు ప్రత్యేకంగా ఏమైనా చూసుకోవాలా?

చూసుకోవాలి. ‘లక్ష్మి’ అన్న మాటలో కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ‘క్ష్మి’ యూనికోడ్‌లో ఆరు సంకేతాల వరుస; యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి మూడు బైట్ల చొప్పున మొత్తం పద్దెనిమిది బైట్లు. కర్సరు దాన్ని దాటడానికి పట్టే అడుగుల సంఖ్య కంటి లెక్కతో సరిపోదు. అందువల్ల ‘ఐదడుగులు కుడికి’ వంటి లెక్కలున్న మాక్రో ఒక వరుసలో సరిగ్గా పనిచేసి, తరువాతి వరుసలో అక్షరాన్ని మధ్యలో విరిచేస్తుంది. ఖాళీల ఆధారంగా కదిలే పెద్ద డబ్ల్యూ, పెద్ద ఈ, పెద్ద బి ఆదేశాలను వాడండి, లేదా పూర్తి పదాన్ని వెతికి అక్కడికి వెళ్లండి.

తెలుగు టైపింగ్ సాధనం పనిచేస్తుండగా రికార్డు చేయడం మరో చిక్కు. ఆదేశాలు ఇచ్చే నార్మల్ మోడ్‌లోకి వచ్చాక కూడా కీబోర్డు తెలుగులోనే ఉంటే, విమ్‌కు ఆదేశాలకు బదులు తెలుగు అక్షరాలు అందుతాయి, ఆ తప్పు మీటలన్నీ మాక్రోలో చేరిపోతాయి. దీనికి మేము సూచించే పద్ధతి ఇది: చేర్చాల్సిన తెలుగు పాఠ్యాన్ని ముందే టైపు చేసి ‘సి’ వంటి రిజిస్టరులోకి కాపీ చేసుకోండి, కీబోర్డును ఇంగ్లిషులోకి మార్చి మాక్రోను రికార్డు చేయండి, పాఠ్యం రావాల్సిన చోట జంట ఉల్లేఖన గుర్తు, ‘సి’, ‘పి’ అని వరుసగా నొక్కి అతికించండి. ఇన్సర్ట్ మోడ్‌లోకి వెళ్లే పని లేదు గనుక దాని వెంట మేలుకునే ప్లగిన్‌లూ రావు, ‘సి’ రిజిస్టరులోని పాఠ్యాన్ని మార్చితే అదే మాక్రో మరో పదానికీ పనికివస్తుంది.